పట్టికలో కనబడని కంప్యూటరు

ఒకే ఇంట రెండు మూడు కంప్యూటర్లుండుట నేడు వింత కాదు. విండోస్ క్రొత్త రూపములను మోయలేని పాత యంత్రముపై లినక్స్ వేసికొని వాడుకొనువారును కలరు. ముందుగదిలోని విండోస్ కంప్యూటరులో పెండ్లి ఫోటోలు, పొలము కాగితముల నకళ్లు, తాతగారి మాటల రికార్డింగులు ఒక ఫోల్డరులో ఉంచి, ఇంటిల్లిపాదికి అందునట్లు నెట్‌వర్కుపై పంచుదురు. లినక్స్ యంత్రములో "నెట్‌వర్క్" అను విండో తెరచినచో ఇన్నాళ్లు ఆ కంప్యూటరు పేరు కనబడుచుండెను. ఒకనాడు, ఏదో అప్‌డేటు జరిగిన పిమ్మట, విండో ఖాళీ. తాతగారి కంఠము పోయినదని ఇల్లంతయు కలవరము. రికార్డింగులతో బ్రదుకువారము గనుక ఆ కలవరమెట్టిదో మేమెరుగుదుము.

పోయినది ఫోల్డరు కాదు. పేర్ల పట్టిక మాత్రమే.

ఫైళ్లు పంచుకొనుటకు విండోస్ యంత్రములు వాడు భాష పేరు ఎస్.ఎం.బి. ఇది 1980వ దశకములో ఐ.బి.ఎం. సంస్థలో పుట్టినది. యూనిక్స్ యంత్రములకు ఆ భాష నేర్పినవాడు ఆండ్రూ ట్రిడ్జెల్. 1992లో కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయములో విద్యార్థిగా నుండి, తీగపై యంత్రముల సంభాషణను పొంచి విని, వాని వ్యాకరణమును గ్రహించెను. ఆ ప్రోగ్రాము సాంబా. ఎస్, ఎం, బి అక్షరములు వరుసగా వచ్చు మాటకొరకు యంత్రముచేత పదకోశమును గాలింపగా దొరికిన పేరిది. బ్రెజిల్ నాట్యమునకు దీనికి చుట్టరికము లేదు.

ఈ భాష మొదటి రూపము వాడిన నాళ్లలో యంత్రములు దండోరా వేయించుకొను అలవాటు గలవి. ప్రతి యంత్రము తన పేరు నెట్‌వర్కంతట చాటును. వానిలో ఒకటి ఆ పేర్లన్నియు పట్టికగా వ్రాసియుంచి, అడిగినవారికి చూపును. మన విండోలో కనబడినది ఆ పట్టికయే. 2017 మే నెలలో వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము విండోసులో ఈ మొదటి రూపమునకు గల లోపము గుండ దూరి, ఫైళ్లకు తాళములు వేసి, విడిపించుటకు సొమ్ము అడిగెను. బ్రిటన్ ఆసుపత్రులలో పనులు స్తంభించెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నియు దాని పాలబడినవి. లోపమును సవరించు అప్‌డేటు అదే ఏడు మార్చిలోనే వచ్చియుండెను, వేసికొననివారు పెక్కుమంది. అటుపై క్రొత్తగా వేసికొను విండోస్ 10 నుండి మొదటి రూపమును తొలగించిరి. 2019లో సాంబాయు దానిని మూసివేసెను. దానితో దండోరాయు, పట్టికయు పోయినవి. విండోస్ యంత్రములకు ఇప్పుడు వేరొక చాటింపు పద్ధతి ఉన్నది గాని, లినక్స్ డెస్క్‌టాపులు దానిని ఆలస్యముగా నేర్చినవి.

కావున పట్టికను నమ్ముకొనక పేరు పెట్టి పిలువవలెను. ఫైళ్ల విండోలో కంట్రోల్, ఎల్ మీటలు కలిపి నొక్కినచో చిరునామా వ్రాయు గడి తెరచుకొనును. అందు ఎస్.ఎం.బి. అని చిన్న బడి అక్షరములలో చుక్కలు లేక వ్రాసి, చుక్కపై చుక్క, కుడికి ఒరిగిన రెండు గీతలు, వెంటనే కంప్యూటరు పేరు వ్రాయవలెను. పేరు పలుకనిచో 192.168.1.5 వంటి అంకెల చిరునామా పలుకును. రౌటరు ఈ అంకెలను అప్పుడప్పుడు మార్చుచుండును. ఆ కంప్యూటరునకు ఒకే అంకె నిలుచునట్లు రౌటరులోనే ఏర్పాటు చేయుట మేలు. అప్పటికిని పలుకనిచో, విండోస్ కంప్యూటరు ఇంటి నెట్‌వర్కును "పబ్లిక్" అని ఎంచి తలుపు వేసికొన్నదేమో చూడవలెను.

తలుపు తెరచుకొన్నను పాస్‌వర్డు వద్ద పలువురు ఆగిపోవుదురు. అది అడుగునది విండోస్ కంప్యూటరులోని ఖాతా పేరు, పాస్‌వర్డు. లినక్స్ యంత్రమువి కావు. విండోస్ తెరచునప్పుడు కొట్టు నాలుగంకెల పిన్ ఇచ్చట చెల్లదు. ఆ పిన్నుకు అలవాటు పడి అసలు పాస్‌వర్డే మరచినవారెందరో! ఇక ఫోల్డరు తెరచుకొని, అందు వ్రాయనీయనిచో, తాళములు రెండని తెలియవలెను. పంచుటకు ఇచ్చిన అనుమతి ఒకటి, ఫోల్డరు సొంత అనుమతి ఒకటి. రెండింటిలో ఏది బిగువో అదే చెల్లును.

పట్టికను తిరిగి తెప్పించు చిట్కా యొకటి నోటినోట తిరుగుచున్నది. సాంబా అమరికల ఫైలులో ఒక పంక్తి చేర్చి, విండోసులోను మొదటి రూపమును మరల తెరువుమందురు. పట్టిక కనబడవచ్చును, కనబడునన్న ఆశకు ఇంటిలోని ఫైళ్లన్నింటిని ఒడ్డుట మాకు సమ్మతము కాదు. ఆ మొదటి రూపము తప్ప మరేమియు రాని పాత నెట్‌వర్కు డిస్కు పెట్టెలు కొన్ని ఇండ్లలో నేటికిని ఉన్నవి. వానికి తయారీదారు క్రొత్త సాఫ్ట్‌వేరు ఇచ్చినాడేమో మొదట విచారింపవలెను. ఇయ్యనిచో, పెట్టె చూపు వెబ్ పేజీ ద్వారా గాని, లోపలి డిస్కును తెలిసినవారిచేత విప్పించి గాని ఫోటోలు, రికార్డింగులు వేరొకచోటికి ఎత్తుకొని, ఆ పెట్టె తీగను నెట్‌వర్కు నుండి ఊడదీయవలెను.