పెడల్ మెత్తగా ఉంటే సంతకం పెట్టకండి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17 నాటి సుప్రీంకోర్టు తీర్పు గురించి, కరువు భత్యం గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నేను లారీ బ్రేకుల గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు నవ్వి, "పది నిమిషాలే సుమండీ" అన్నారు. మన పిల్లలు, మనవలు చాలామంది సరుకు బళ్ళు నడుపుకుంటున్నారు. గ్రాట్యుటీ సొమ్ము పెట్టి బండి కొనిచ్చినవారు ఈ సభలోనే ఉన్నారు. కాబట్టి ఇది మన ఇళ్ళ విషయమే. పైగా నా గుండెల మీద ఎన్నో ఏళ్ళుగా ఉన్న బరువొకటి ఇవాళ దించుకోవాలి.

1989లో నేను ఒక ఇంజనీరింగు కార్యాలయంలో స్టోర్సు సెక్షను చూసేవాణ్ణి. మార్చి నెలాఖరు. మా చిన్న లారీకి మాస్టర్ సిలిండరు కిట్టు, వెనక చక్రాల వీల్ సిలిండర్లు, బ్రేకు షూలు కొత్తవి వేయించాం. 31వ తేదీలోగా బిల్లు పాసు కాకపోతే నిధులు మురిగిపోతాయి. మా డ్రైవరు నాకన్నా పెద్దవాడు, ఆఫీసంతా బాబాయ్ అనే పిలిచేవాళ్ళం. బండి ఒక చుట్టు తిప్పి తెచ్చి, "గుమాస్తా గారూ, పెడల్ దూదిలో కాలు పెట్టినట్టుందండీ. రెండు మూడుసార్లు తొక్కితే గాని పట్టడం లేదు" అన్నాడు.

"కొత్త సామాను కదా బాబాయ్, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది. ముందు సంతకం పెట్టు" అన్నాను. పెట్టాడు.

వారం తిరక్కుండానే పాడేరు ఘాటు దిగుతుండగా పెడల్ అడుగుకు అంటుకుపోయింది. ఆయన గేరు తగ్గించి, హ్యాండు బ్రేకు లాగి, లోయ వైపు పోకుండా బండిని కొండ గట్టుకు రాయించి ఆపాడు. క్లీనరు కుర్రాడి చెయ్యి విరిగింది. ప్రాణాలు దక్కాయి. విచారణలో మాత్రం 'బ్రేకులు సరిగా ఉన్నవి' అన్న చోట డ్రైవరు సంతకం కనబడింది. ఒక ఇంక్రిమెంటు శాశ్వతంగా కోశారు. అలాంటి కోత పెన్షను దాకా ఎలా వెంటాడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆయన ముందే చెప్పాడన్న సంగతి నాకొక్కడికే తెలుసు. నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను చెప్పేది ఆయిలు బ్రేకులున్న చిన్న బళ్ళ గురించి. పెద్ద లారీలకు గాలి బ్రేకులుంటాయి, వాటి పద్ధతి వేరు. ఇంట్లో ఒక సిరంజిలో నిండా నీళ్ళు పట్టి, మూతిని వేలితో మూసి నొక్కి చూడండి. కదలదు. కొంచెం గాలి ఉంచి నొక్కండి, స్ప్రింగులా లోపలికి పోయి మళ్ళీ వస్తుంది. బ్రేకు ఆయిలు పనీ అంతే. సామాను మార్చినప్పుడు పైపులు విప్పుతారు, గాలి దూరుతుంది. మన కాలి బలం చక్రానికి చేరకుండా ఆ గాలిని నొక్కడానికే ఖర్చయిపోతుంది. అది తిరిగితే సర్దుకునేది కాదు, బయటికి తీయవలసిందే. మెకానిక్కులు దీన్నే 'ఎయిర్ తీయడం' అంటారు.

పెడల్ చెప్పే మాటలు మూడు. మెత్తగా స్ప్రింగులా ఉంటే లోపల గాలి ఉంది. బాగా కిందికి దిగి, రెండోసారి తొక్కితే పైనే గట్టిగా ఆగితే చాలావరకు షూల సర్దుబాటు చాలలేదని. తొక్కి పట్టుకున్నా మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండరు రబ్బరు కప్పులు పోయాయి.

ఎయిర్ తీయడానికి ఇద్దరు కావాలి. నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొస కొంచెం ఆయిలున్న సీసాలో ముంచాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, రెండోవారు నిపుల్ వదులు చేసి, బుడగలు పోయాక బిగించాలి. బిగించాకే పెడల్ మీంచి కాలు తీయాలి, లేకపోతే గాలి మళ్ళీ వెనక్కి పీల్చుకుంటుంది. బుడగ రాకుండా ఆయిలు మాత్రమే వచ్చేదాకా చేయాలి. సాధారణంగా మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. బండి పుస్తకంలో వేరే వరుస ఉంటే అదే పాటించాలి. డబ్బాలో ఆయిలు అడుగంటనివ్వరాదు, సీసాలో పట్టిన ఆయిలు తిరిగి పోయరాదు. ఇంజను ఆయిలు పొరపాటున కూడా పోయరాదు, రబ్బర్లు ఉబ్బిపోతాయి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. ఘాటు దిగేటప్పుడు వేడికి అది ఆవిరైతే మళ్ళీ పెడల్ మెత్తబడుతుంది. అందుకే మూత తీసి ఉంచిన పాత డబ్బా వాడకండి.

కిందటేడు మా మనవడి బండికి మాస్టర్ సిలిండరు, ముందు డిస్కుల క్యాలిపర్లు మార్చారు. పెడల్ మెత్తగా ఉంది. రెండుసార్లు ఎయిర్ తీసినా అంతే. మెకానిక్కు కుర్రాడు, "రెండు రోజులు తిరిగితే సర్దుకుంటుంది తాతగారూ" అన్నాడు. 1989లో నేనన్న మాటే. నా ఒళ్ళు జలదరించింది. "బండి కదలడానికి వీల్లేదు నాయనా" అని అక్కడే స్టూలు వేసుకు కూర్చున్నాను. నాకు పని రాదు గాని ప్రశ్నలు వచ్చు. "గాలి పైకి పోయేది కదా, నిపుల్ కిందికి ఉందేమిటి?" అని అడిగాను. కుర్రాడు వంగి చూసి నాలిక కరుచుకున్నాడు. కుడివైపు క్యాలిపరు ఎడమకు, ఎడమది కుడికి బిగించాడు. నిపుల్ అడుగున ఉంటే పైనున్న గాలి ఎలా బయటికొస్తుంది? మార్చి బిగించి మళ్ళీ ఎయిర్ తీశాడు. పెడల్ రాయిలా నిలిచింది. ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిపి చూశాకే డబ్బులిచ్చాం.

ఇంటికొచ్చాక ఆ రాత్రి నిద్రపట్టలేదు. బాబాయ్ ఇప్పుడు లేడు. పిన్ని గారు కుటుంబ పెన్షను తీసుకుంటున్నారు. పోయిన నెల వారింటికి వెళ్ళి జరిగినదంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆయన చెప్పాడనే నాతో అనేవారు నాయనా. నలుగురిలో ఎవరూ అనలేదు" అన్నారు. అందుకే ఈ నలుగురిలో అంటున్నాను. ఆయన చెప్పాడు. నేను వినలేదు. తప్పు నాది.

మీ పిల్లలు పెడల్ మెత్తగా ఉందంటే బండి కదలనివ్వకండి.