రొమ్ముల భారమును తగ్గించు శస్త్రచికిత్స

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలలలో ఒడి కట్టి పత్తి తీయు స్త్రీలు, పగలెల్ల వంగి మిరపకాయలు కోయు స్త్రీలు మెడనొప్పి, వెన్నునొప్పి యనుట క్రొత్త గాదు. కొందరికి ఆ నొప్పికి రొమ్ముల అధికభారమును కారణమగును. భుజములపై గాడులు పడుట, రొమ్ముల క్రింద చెమట నిలిచి చర్మము ఒరసిపోవుట సిగ్గుచే చెప్పక భరించువారు పెక్కురు. వారి కోరిక సోకు కొరకు గాదు.

ఈ చికిత్సలో మత్తు నిచ్చి, అధికమైన కొవ్వును, గ్రంథిభాగమును, చర్మమును తీసి, చనుమొనను పైకి జరిపి కుట్టుదురు. సాధారణముగా 2 మొదలు 4 గంటలు పట్టును. తీసిన భాగమును పరీక్షకు పంపుదురు. మచ్చలు మిగులును, ఏడాదికి పాలిపోవునే గాని పూర్తిగా మాయవు. చనుమొనకు స్పర్శ తగ్గవచ్చును. పిమ్మట బిడ్డకు చాలినన్ని పాలు రాకపోవచ్చును గనుక, ఇంకను పిల్లలను కనదలచినవారు ఆ మాట వైద్యునికి ముందే చెప్పవలెను. చుట్ట త్రాగువారు మానవలెను. లేకున్న గాయము సరిగా మానదు.

ఇంటికి వచ్చిన పిమ్మట జ్వరము, ఎఱుపు, చీము కనబడినచో ఆస్పత్రికి పోవలెను. 4 మొదలు 6 వారములు మిరప బస్తా మాట యటుండ, నిండు బిందెయు ఎత్తరాదు. "మరి వంట యెవరు చేయుదు?" రని యడుగు భర్తలను మే మెఱుగుదుము! వేసవిలో చెమట బాధ, వానలలో కలుపు, చలికాలమున పత్తి, ఆపై మిరప. తీరిక గల నెల లేదు. కావున ఆ ఆరు వారముల కూలి, నీళ్లు, పొయ్యి ఎవరెవరివో తేల్చుకొనిన పిమ్మటనే ఆస్పత్రిలో తేదీ నడుగవలెను.