అటక నెక్కిన లాప్‌టాపు



వేలూరు, గుడియాత్తములందలి మన యిండ్లలో, 2011 మొదలు ప్రభుత్వము విద్యార్థులకు ఉచితముగా నిచ్చిన లాప్‌టాపులు కొన్ని అటక నెక్కియున్నవి. యంత్రము బాగుగనే యుండియు, దానిని నడపు ఆపరేటింగ్ సిస్టమ్ ముసలిదైనది. విండోస్ 10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 నియమములకు అంత పాత యంత్రములు సరిపడవు.

క్రొత్తగా నేర్చువారికి లినక్స్ మింట్‌ను, అందును తేలికయైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకమును మేము సూచించుచున్నాము. ఇది ఉచితము. 64 బిట్ యంత్రమై, 2 జీబీ ర్యామ్ ఉన్న నడచును. 4 ఉన్న సుఖము. తెర విండోసును బోలి యుండుటచే పెద్దలకు తడబాటు తక్కువ. మొదట పెన్‌డ్రైవు నుండియే నడిపి చూడుడు. నచ్చినచో, పెండ్లి ఫొటోలు, పత్రములు వేఱొకచోట భద్రపఱచిన పిమ్మటనే లోనికెక్కింపుడు.

ఇందు మన భాషకును లాభము కలదు. 2006 నాటి చట్టము ననుసరించి మన పిల్లలు బడిలో తమిళము నేర్చుచున్నారు, నేర్వవలసినదే. తెలుగు లిపి మాత్రము ఇంటనే అబ్బవలెను. కీబోర్డు అమరికలలో తెలుగును చేర్చినచో, అవ్వ చెప్పుచుండగా మనుమరాలు అక్షరములు కొట్టగలదు.

ఈ యాదివారమే లాప్‌టాపును అటక దింపుడు. తొలి యుత్తరము అవ్వచేతనే చెప్పింపుడు.