మచ్చ తండ్రిది: గప్పీ చేప జన్యుశాస్త్రంలో కోపెన్‌హాగన్ రోజులు



లింగసహలగ్నత పాఠంలో మా మాస్టారు డ్రొసోఫిలా ఈగను పది నిమిషాల్లో ముగించి, గప్పీ దగ్గర గంటసేపు ఆగేవారు. ఆయన పేరిట జరిగే ఈ సభలో నేనూ అదే పని చేస్తాను. మెండెల్, మోర్గాన్‌ల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

గప్పీ వెనెజువేలా, గయానా, ట్రినిడాడ్ వాగుల చేప. దానికి పేర్లు పెట్టిన చరిత్ర నాకు విసుగు. 1859లో పీటర్స్ కారకాస్ నమూనాలకు ఒక పేరు పెట్టాడు. 1866లో గుంథర్ ట్రినిడాడ్‌వాసి గప్పీ పేరు మీద ఇంకొకటి పెట్టాడు. శాస్త్రంలో నిలవని ఆ రెండో పేరే జనం నోట నిలిచింది. 1910 ప్రాంతంలో దోమ లార్వాలను తింటుందని మన దేశానికీ తెచ్చారు. ఇప్పటికీ చాలామంది దాన్నీ, దోమ లార్వాలను తినే మరో చేప గంబూసియానూ ఒకటే అనుకుంటారు. సరే, అసలు కథకు వద్దాం.

నేను ఏళ్ల తరబడి తిరగేసినవి కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాల వ్యాసాలు. అక్కడి యొహానెస్ ష్మిట్ అనగానే అందరికీ గుర్తొచ్చేది అట్లాంటిక్‌లో ఐరోపా మలుగుపాముల పుట్టిల్లు వెతికిన మనిషి. ఆయనను పట్టి పీడించిన ప్రశ్న మాత్రం వేరు. డెన్మార్క్ ఫియర్డుల్లో జోయార్సిస్ అనే చేపల వెన్నుపూసలు లెక్కపెడితే ఒక్కో ఫియర్డులో ఒక్కో సగటు వచ్చేది. ఈ తేడా పుట్టుకతో వచ్చిందా, నీటివల్ల వచ్చిందా? తేల్చాలంటే తొట్టెలో త్వరగా ఈనే చేప కావాలి. అలా గప్పీ ఆయన చేతికొచ్చింది. నీటి వేడి మారితే పృష్ఠవాజంలోని కిరణాల సంఖ్య మారుతుందని 1919లో రాశాడు.

ఆయన 1920 వ్యాసానికి మూలం ఒక నల్లమచ్చ. ఒక వంశంలో మగచేపలకు పృష్ఠవాజం మీద అది ఉండేది, ఇంకో వంశంలో ఉండేది కాదు. మచ్చ ఉన్న మగదాన్ని మచ్చలేని వంశపు ఆడదానితో కలిపితే కొడుకులందరికీ మచ్చ వచ్చింది. జంటను తిరగేస్తే ఒక్క కొడుక్కీ రాలేదు. కూతుళ్ల ద్వారా మనవలకూ దిగలేదు. అంటే మచ్చ తండ్రి నుంచి కొడుక్కే దిగుతుందన్నమాట. ఈ ప్రయోగం చెప్పినంత తేలిక కాదు. ఆడ గప్పీ ఒక్కసారి మగదాన్ని కలిస్తే ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకుని కాన్పు మీద కాన్పు ఈనుతుంది. అందుకని మగపిల్లల కింది వాజం సన్నబడి పుల్లలా మారకముందే ఆడపిల్లల్ని వేరు చేయాలి. ఒక్క పిల్లను ఏమరితే ఆ తొట్టె లెక్కంతా దండగ.

ఇక్కడ నాకో తగవుంది, మన్నించాలి. పాఠ్యపుస్తకాలు తండ్రి నుంచి కొడుక్కే దిగే ఈ వారసత్వాన్ని కనిపెట్టిన ఘనతను జన్యుశాస్త్రవేత్త ఓయ్‌విన్ వింగెకు కట్టబెట్టి, ష్మిట్ ఏదో మచ్చ చూశాడన్నట్టు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. మచ్చ జన్యువు మగదానికే ఉండే వై క్రోమోసోము మీద ఉందన్న వివరణ 1922లో వింగె ఇచ్చిందే, కాదనను. ఆ మచ్చ జన్యువుకు మాక్యులేటస్ అని పేరు పెట్టిందీ ఆయనే. కానీ జంటను తిరగేసి చూడాలని తోచడం, తరాల వెంట ఓపిగ్గా నడవడం చిన్న పనా? వివరణ ఇచ్చినవాడికే పీట వేయడం మన చరిత్రకారుల పాత జబ్బు. ఇంకో వర్గం జపాన్ ఐదా పేరు ఎత్తుతుంది. మెడాకా చేప మీద 1921లో ఆయన రాసిన వ్యాసం గొప్పదే. ఎక్స్, వైల మధ్య జన్యువులు మారతాయని చూపించింది. అయినా 1920 తర్వాతే 1921 వస్తుంది! దీనిమీద నాకు వచ్చిన ఉత్తరాలు ఒక బీరువాకు సరిపోతాయి, అవి మాత్రం చదవను.

వింగెను తక్కువ చేస్తున్నానని అనుకోకండి. 1927లో పద్దెనిమిది జన్యువుల స్థానాలు చెప్పాడు. 1933లో ష్మిట్ పోతే కార్ల్స్‌బర్గ్‌లో ఆయన స్థానంలోకి వచ్చాడు. 1934లో ఎంపిక చేస్తూ పోయి, రెండు ఎక్స్‌లున్నా మగవిగా పెరిగే గప్పీలను సాధించి, లింగనిర్ణయం వేరే క్రోమోసోములకు తరలిపోగలదని చూపాడు. ఆయన 1922, 1927 వ్యాసాలు వచ్చిన జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌ను 1957లో దాని సంపాదకుడు హాల్డేన్ తనతోపాటు మన దేశానికి తెచ్చాడు. ఇప్పుడది బెంగళూరు నుంచి వస్తోంది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మిగిలిన తొంభై ఏళ్లు పరుగున చెబుతాను. మగదానికి మేలు, ఆడదానికి చేటు చేసే రంగు జన్యువులు వై పక్కకు ఎందుకు చేరతాయో 1931లో ఫిషర్ ఆలోచించాడు. 1957లో హాస్కిన్స్ ట్రినిడాడ్‌లో ఒక నది గప్పీలను ఇంకో నది పైభాగంలో వదిలాడు. అలాంటి, శత్రుచేపలు లేని చోట మగవాటి రంగులు త్వరగా పెరుగుతాయని ఎండ్లర్ 1980లో, ఈడు ఆలస్యమవుతుందని రెజ్నిక్ బృందం 1990లో చూపారు. గప్పీ గుట్టు అప్పుడే తొట్టె దాటి వాగుకు చేరింది. గప్పీ జీనోమ్ క్రమం 2016లో వచ్చింది. లింగ క్రోమోసోము పన్నెండోది. అందులో ఎక్స్, వైల మధ్య జన్యువుల మార్పిడి మెట్టుమెట్టుగా ఆగిపోయిందని 2017లో ఒక బృందం అంది. మగచేపల్లో ఏ క్రోమోసోములోనైనా మార్పిడి దాదాపు కొసల్లోనే జరుగుతుంది కదా, దానికి మెట్లెందుకని 2019లో ఇంకో బృందం అడ్డుపడింది. నేను రెండోవాళ్ల పక్షం. ఎందుకో వివరించే వ్యవధి లేదు, అడిగినవాళ్లకు టీ దగ్గర చెబుతాను. సెలవు.