ఆస్పత్రి దూరంగా ఉన్నప్పుడు

(స్కాలర్‌షిప్ పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరింగ్, మెడిసిన్ గురించి చెప్పడానికి ఇక్కడ నాకన్నా పెద్దలున్నారు. నేను పిల్లల్ని కొండలెక్కించేవాణ్ణి. ఆ పనికీ ఒక చదువుంది. అది లేక నేను పడ్డ అవస్థ చెబుతాను.

కొన్నేళ్ల కిందట కుక్కె సుబ్రహ్మణ్యం దగ్గరి కుమార పర్వతం నుంచి ఒక కాలేజీ జట్టును దింపుతున్నాం. ఆ కొండ ఎత్తు 1,712 మీటర్లు. వాన పట్టుకుంది. ఒకమ్మాయి జారిపడింది, చీలమండ వాచింది. నా దగ్గర మందుల పెట్టె ఉంది, ఒక్కపూట శిక్షణతో వచ్చిన ప్రథమ చికిత్స సర్టిఫికెట్టూ ఉంది. కట్టు కట్టి, "ఏం కాదమ్మా" అన్నాను. గంటసేపు అందరం ఆ కాలి చుట్టూనే కూర్చున్నాం. ఆ పిల్ల తడిబట్టలతో వణుకుతోందని, మాట తడబడుతోందని మాలో ఒక్కరికీ తట్టలేదు. కనిపెట్టింది ఆ దారిన వచ్చిన ఒక పల్లెటూరి పెద్దాయన. ఆయన గద్దించాకే తోటి అమ్మాయిలు పొడిబట్టలు మార్చి, కింద చాప వేసి, దుప్పట్లు చుట్టారు. కాస్త తేరుకున్నాక వేడి టీ పట్టించాం. రోడ్డు చేరడానికి అయిదు గంటలు పట్టింది. కాలు వాపు కంటే చలే ప్రమాదమని నాకు అప్పటిదాకా తెలియదు. మన దక్షిణాదిలో చలేమిటి అనుకునేవాణ్ణి!

ఊళ్లో ప్రథమ చికిత్స అంటే అంబులెన్సు వచ్చేదాకా చేసేది. వైద్యం అందడానికి గంటకు మించి పట్టే చోట్లకు వేరే శిక్షణ ఉంది. చిన్న కోర్సు రెండు రోజులు, సుమారు 16 గంటలు. జట్టును నడిపే వాళ్లకు 70, 80 గంటల కోర్సు. ముందు ఆ చోటు నీకు క్షేమమేనా చూసుకోవాలి. తర్వాత ఊపిరి, రక్తస్రావం, ఆపైన తల నుంచి పాదం దాకా మొత్తం మనిషిని తడిమి చూడాలి. నాడి, శ్వాస, స్పృహ ఎలా ఉన్నాయో కొద్దిసేపటికొకసారి చూసి టైముతో సహా కాగితం మీద రాయాలి. పరుచుకునే చాపతో, తువ్వాళ్లతో విరిగిన కాలికి దన్ను కట్టడం నేర్పుతారు. నడిపించాలా, మొయ్యాలా, ఇద్దర్ని సాయానికి పంపాలా? ఇది తేల్చుకోవడమే అన్నిటికన్నా కష్టం.

పాముకాటు సంగతి ఇళ్లలోనూ పనికొస్తుంది. కొయ్యకూడదు, బిగించి కట్టకూడదు, నోటితో పీల్చకూడదు. కరిచిన చోటు కదలకుండా ఉంచి, మనిషిని నడవనీయకుండా మోసుకుని ఆస్పత్రికి చేర్చాలి. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పే పెట్టదు, గాటూ కనపడదు. నొప్పి లేదని ఇంట్లో ఉంచుకోవద్దు. విరుగుడు ఇంజెక్షన్ తయారీకి విషం తీసి ఇచ్చేవారిలో చెన్నై దగ్గరి ఇరుళర్ల సహకార సంఘం ముఖ్యమైనది. అది 1978లో మొదలైంది.

తల్లిదండ్రులకొక మాట. క్యాంపుకు పంపేముందు ఫీజు, భోజనం సంగతి అడుగుతారు. తీసుకెళ్లేవాళ్లకు ఎన్ని గంటల శిక్షణ ఉంది, ఎప్పుడు తీసుకున్నారు, రోడ్డు ఎంత దూరం అని కూడా అడగండి. ఈ సర్టిఫికెట్లను రెండు మూడేళ్లకొకసారి తిరిగి తెచ్చుకోవాలి. అడిగితే నొచ్చుకునేవాళ్లతో పంపకండి.

పెద్ద కోర్సు ఫీజు ఎక్కువే. దీనికీ స్కాలర్‌షిప్ ఇవ్వమని ట్రస్టు పెద్దల చెవిన ఇప్పటికే వేశాను. మిగతా ప్రశ్నలు భోజనాల దగ్గర అడగండి.