నాలుగో కేబుల్
(పెన్షనర్ల ఆత్మీయ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎక్స్ఛేంజీల్లో సర్వీసంతా గడిపిన మనకు 'స్విచ్' కొత్త మాట కాదు. నేటి కంప్యూటర్ నెట్‌వర్కులోనూ స్విచ్‌దే ముఖ్య పాత్ర. సాధారణంగా ఒక్కో పెట్టెకు 24 లేక 48 పోర్టులుంటాయి. నూట యాభై కంప్యూటర్లున్న చోట 48 పోర్టుల పెట్టెలు నాలుగు కావాలి. మామూలుగా కలిపితే నాలుగింటికీ విడివిడిగా సెట్టింగులు చేయాలి.

ఈ బాధ తప్పించేదే స్టాకింగ్. పెట్టెలను ఒకదానిపై ఒకటి అమర్చి, ప్రత్యేక కేబుళ్లతో కలిపి, ఒకే స్విచ్‌గా నడిపించడమన్నమాట. 2003లో సిస్కో తెచ్చిన కేటలిస్ట్ 3750 రకంలో ఇలా 9 పెట్టెల వరకు కలపవచ్చు. ఉమ్మడి కుటుంబంలా ఒకటి పెద్దరికం వహిస్తుంది. అందరికీ అడ్రసు ఒకటే. ఆ పెద్ద పెట్టె పాడైతే మరొకటి బాధ్యత తీసుకుంటుంది.

అసలు సంగతి ఇక్కడుంది. నాలుగు పెట్టెలు కలవడానికి మూడు కేబుళ్లు చాలు. నాలుగోది చివరి పెట్టె నుంచి మొదటి దానికి తిరిగివచ్చి రింగు పూర్తిచేస్తుంది. అది లేకున్నా పని జరుగుతుంది గనుక కొందరు ఖర్చు కలిసొస్తుందని వదిలేస్తారు.

ఒక ఆసుపత్రిలో అలాగే వదిలేశారు. ఒకనాడు రెండో పెట్టెలో పవర్ సప్లై కాలిపోయింది. సర్వర్‌కు వెళ్లే కేబుల్ మొదటి పెట్టెకే ఉంది. దాంతో బాగున్న మూడు, నాలుగు పెట్టెలు కూడా విడిపోయాయి. వాటిపైనున్న ల్యాబు, మందుల గది కంప్యూటర్లు మూగబోయాయి. రోగుల బంధువులు రిపోర్టు కాగితాలు చేత పట్టుకొని మెట్లెక్కి దిగడం కళ్లారా చూశాను. రింగు పూర్తయి ఉంటే రెండో పెట్టెకున్న కనెక్షన్లే పోయేవి. మిగతావి అటు తిరిగి కలిసే ఉండేవి.

స్టాకింగ్ సర్వరోగ నివారిణి కాదు. వేర్వేరు రకాల పెట్టెలు సాధారణంగా కలవవు. సాఫ్ట్‌వేర్ మార్చేటప్పుడు చాలా రకాల్లో అన్నీ ఒకేసారి ఆగుతాయి. ఆ పనికి వేళ చూసుకోవాలి.

మిత్రులారా, మనలో చాలామంది పాఠశాల, ఆసుపత్రి, అపార్ట్‌మెంట్ కమిటీల్లో ఉన్నారు. బిల్లుపై సంతకం పెట్టేముందు రెండు ప్రశ్నలడగండి: రింగు పూర్తయిందా? సర్వర్‌కు రెండు వేర్వేరు పెట్టెల నుంచి కేబుళ్లున్నాయా? తర్వాత మధ్య పెట్టె ఆపి చూపించమనండి. మిగతావి నడిస్తేనే డబ్బు చెల్లించండి.