సైకిలు పందెమునకు చోటేది?

గత వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలము మేము తిరుపతినుండి రేణిగుంట పోవు దారిలో నడచుచుండగా, ఇండ్లస్థలములకై చదును చేసిన ఒక పొలములో పదిపండ్రెండుమంది బాలురు గుమిగూడియుండుట చూచితిమి. వారిచేత పలుగుపారలును గంపలును గలవు. ఎవరో ఇల్లు కట్టుటకు తోలించి విడిచిన ఎఱ్ఱమట్టికుప్పను వారు నాలుగైదు చిన్న మిట్టలుగ పంచి, నీళ్లు చల్లి, పారవెనుకతో చరచి గట్టిచేసియుండిరి. మూలమలుపున మట్టిని బయటివైపు గోడవలె వాల్చి పెట్టిరి. చిన్న చక్రముల సైకిళ్లపై ఒకరివెనుక ఒకరుగ వచ్చి, మొదటి మిట్టమీద గాలిలోనికి లేచి, రెండవదానిపై దిగి, ఆ వాలుగోడవెంట ఒరిగి తిరుగుచుండిరి. మొత్తము బాట నూఱడుగులకు మించియుండదు. అయినను ఆ మలుపు వాలు ఎంత యుండవలెనో వారికెవరు చెప్పిరా యని మేము ఆశ్చర్యపడితిమి. పడిపడి నేర్చుకొన్నామని ఒకడు మోకాలు చూపెను.

పదిరోజుల తరువాత మరల ఆ దారినే పోయితిమి. మట్టిత్రవ్వు యంత్రమువచ్చి అంతయు చదును చేసిపోయినది. స్థలము యజమానిది, ఆయనను తప్పుపట్టుట న్యాయము కాదు. బాలురు హద్దురాళ్లమీద కూర్చుండియుండిరి. "రోడ్డుమీద తొక్కితే తిడతారు, గ్రౌండులో తొక్కితే తరుముతారు. యాడ తొక్కుకునేది సార్ మేము?" అని ఒకడు అడిగెను. ఆనాడు మేము బదులు చెప్పలేకపోతిమి. ఈ ప్రసంగమునకు ఆ ప్రశ్నయే కారణము.

ఆ బాలురు ఆడుచున్న ఆటకు బి. ఎం. ఎక్స్. అని పేరు. బి యనగా బైసికిలు, ఎం అనగా మోటో. ఎక్స్ అను అక్షరము అడ్డగీతల గుర్తు గనుక దానిని క్రాస్ అని చదువుకొందురు. 1970 ప్రాంతమున అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో పిల్లలు, పెద్దలు మోటారుసైకిళ్లతో మట్టిబాటలపై చేయు పందెములను చూచి, తమ చిన్న సైకిళ్లతో బీడు భూములలో వానిని అనుకరించిరి. 1971లో వెలువడిన 'ఆన్ ఎనీ సండే' అను చలనచిత్రపు ఆరంభములో ఆ పిల్లలే కానవత్తురు. 1982లో స్పీల్‌బర్గ్ తీసిన 'ఇ. టి.' చిత్రములో పిల్లలు తొక్కునవియు ఈ జాతి సైకిళ్లే. అనగా ఇది పెద్దలు కమిటీవేసి కనిపెట్టిన ఆట కాదు. ఖాళీ స్థలమును చూచి పిల్లలు పుట్టించినది. 1982లోనే తొలి ప్రపంచ పోటీలు జరిగినవి. 2008లో బీజింగు ఒలింపిక్ క్రీడలలో దీనికి పీట వేసిరి.

సైకిలు చక్రము వ్యాసము ఇరువది అంగుళములు. గేరులు మార్చుట లేదు. వెనుక చక్రమునకు మాత్రమే బ్రేకు. పందెపుబాట మూడు నాలుగువందల మీటర్లు. ఎనిమిదిమంది ఒక గుట్టమీద వరుసగ నిలిచి, ఎదుటి పలక పడిపోగానే క్రిందికి దూకుదురు. నలుబది సెకనులు, కొంచెమటునిటుగ — పందెము ముగిసినది. ఒలింపిక్ గుట్ట ఎనిమిది మీటర్ల ఎత్తు, అనగా రెండంతస్తుల మేడకంటె మించినది. మన పిల్లలకు అది యక్కరలేదు. మనిషియెత్తు దిబ్బ చాలును.

ఇదంతయు విదేశపు వింత యని శ్రోతలలో పెద్దలకు తోచవచ్చును. కాని సైకిలుతో వినోదించుట మన ప్రాంతమునకు క్రొత్తగాదు. సంక్రాంతికిని, ఆగస్టు పదునైదునకును మన బడులలో నిదానపు సైకిలు పందెము ఉండెడిది. అందరికంటె వెనుక వచ్చినవాడు గెలుచును, నేలపై కాలు పెట్టినవాడు ఓడును. సైకిలుపై అదుపు నేర్పుటలో దానికి సాటి లేదు. మఱియు, ఊరి బయలులో గుంజ నాటి, మైకు పెట్టి, ఏడు రోజులు సైకిలు దిగకుండ గుండ్రముగ తిరుగు వీరుడు వచ్చెడివాడు. స్నానము దానిమీదనే, భోజనము దానిమీదనే. చీకటి పడినపిదప ట్యూబులైట్లు పగులగొట్టుకొనుటయు, ఎదపై బండరాయి పెట్టించుకొనుటయు అదనపు వింతలు. ఊరివారు ఐదు రూపాయలు, పది రూపాయలు చొక్కాకు గుచ్చెడివారు. అతనికి బిరుదులేదు, సంఘములేదు, పింఛనులేదు.

మా చిన్ననాట బాడుగ సైకిళ్ల అంగడి ఉండెడిది. గంటకింత యని బాడుగ. అంగడివాడు పలకమీద మన పేరును వేళయును వ్రాసికొనును. సీటు అందని వయస్సున కమ్మీ సందున కాలుదూర్చి అరపెడలు తొక్కుచు నేర్చితిమి. చిత్తూరివారిలో ఎందరో కట్టమంచి చెరువుకట్టపై నేర్చుకొన్నవారే. ఆ యూరి పేరు వినగానే సాహిత్యపరులకు సి. ఆర్. రెడ్డిగారు స్ఫురింతురు, మాకు మాత్రము కట్టదిగి ముండ్లపొదలో పడిన ఒక మధ్యాహ్నము స్ఫురించును. చెరువుకట్ట యెక్కి దిగుట, వాలును అంచనా వేయుట, కట్టమీద ఎదురైన ఎద్దులబండికి తప్పుకొనుట — ఇదియంతయు ఇప్పుడు వెలగట్టి నేర్పుచున్న విద్యయే. ఆనాడు దానికి బాట ఊరే యిచ్చెను.

నేడు ఆ ఊరు బాట నిచ్చుటలేదు. తిరుపతి యాత్రాస్థలము, తెల్లవారినది మొదలు వాహనములు ఎడతెగవు. కొండకు 1944లో తొలి ఘాట్‌రోడ్డు, 1974లో రెండవది వచ్చినవి. అవి ఇంజనీర్ల ప్రతిభకు గుర్తులే కాని పిల్లలు సైకిలు తొక్కదగిన చోట్లు కావు. బెంగుళూరు, మద్రాసు దారులు కలియు చిత్తూరిలోను అంతే. ఇక మైదానముల సంగతి. క్రికెట్టుకు చోటున్నది, పరుగునకు ఉన్నది, షటిలునకు పైకప్పుతో సహా ఉన్నది. మాకు వానిపై ఈర్ష్య లేదు; ఉండవలసినవే. ఉన్నదానిని చూచుకొను తీరుననే మా బాధ.

మేమెఱిగిన ఒక పట్టణ మైదానమును చెప్పెదము, పేరేల? అన్ని పట్టణములలోను దానికి తోబుట్టువులున్నవి. దీపావళికి టపాసుల అంగళ్లు అక్కడనే. ప్రదర్శనలు, రంగులరాట్నములు అక్కడనే. ఏ నాయకుడు వచ్చినను సభ అక్కడనే. వచ్చినవారు వత్తురు, పోవుదురు. పందిరిగుంజల గోతులు మాత్రము పోవు. మేకులు, తీగముక్కలు, సీసాపెంకులు మట్టిలో దిగియుండును. ఒక్కొక్క ఉత్సవము మైదానమునుండి బాడుగ తీసికొనుచున్నది, గోతులు పూడ్చు ఖర్చు మాత్రము ఎవరి లెక్కలోను లేదు. బాలుడు గోతిలో చక్రముదిగి పడినయెడల, 'చూచుకొని తొక్కరాదా' అని వానినే కోప్పడుదురు. ఆ మైదానపు మూలన ఒక చిన్న మట్టిబాట వేయించుమని కొందఱు తలిదండ్రులు అర్జీ పెట్టిరి. ఆ సంగతికి తరువాత వత్తుము.

మన తెలుగు దేశమున సైకిలు పందెమునకు కట్టిన పెద్ద కట్టడము హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయములోనున్నది. 2002 డిసెంబరునాటి జాతీయ క్రీడలకై దానిని నిర్మించిరి. క్రీడలు ముగిసిన పిదప దాని సంరక్షణ లోపమునుగూర్చి పత్రికలు పలుమార్లు వ్రాసినవి. ఇప్పుడు రాష్ట్రమును వేరాయెను. 2014 జూను రెండు తరువాత చిత్తూరి బాలునికి అది పొరుగు రాష్ట్రపు సొత్తు. అదే నగరమున 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి ప్రక్కన ఇరువదిమూడు కిలోమీటర్ల సైకిలు బాటను సూర్యశక్తి పలకల కప్పుతో ప్రారంభించిరి. మంచిదే. ఉద్యోగముల తరువాత ఆరోగ్యమునకై తొక్కు పెద్దలకది వరము. పదమూడేండ్లవానికి కావలసినది మాత్రము నీడ కాదు, మిట్ట.

ఈ ఆట బాటకు సిమెంటు పని అంతగా లేదు, పోయవలసినది మట్టి. ఎఱ్ఱమట్టిని, గరుసును కలిపి, పొరలుపొరలుగ పోసి, తడిపి, దిమ్మిస చేయవలెను. మలుపులయందు వాలు, మిట్టల నడుమ నీరు నిలువకుండ కాలువ, ఏటికొకతూరి మరమ్మతు. ఇదెక్కడనో విన్న మాటవలె లేదా? చెరువుకట్ట పని సరిగా నిదియే. చిత్తూరు జిల్లా చెరువుల జిల్లా. చేను గలవారందరు ఇంటికొక్కరుగ వచ్చి కాలువలు తీయుట, కట్ట పూడ్చుట 'కుడిమరామతు' అను పేర మన పూర్వులు జరుపుచుండిరి. ఆచారము సడలగా, 1858లో మద్రాసు ప్రభుత్వము దానికై చట్టమే చేసెను. చట్టము మిగిలినది, మరామతు సన్నగిల్లినది. కట్టలు కంపలు మొలచినవి. చెరువునకు పట్టిన గతియే మైదానమునకును పట్టినది. రెండింటికిని కట్టించినవారి పేరు రాతిపై నుండును, కాపాడువాని పేరెక్కడను ఉండదు.

మనకు ఈశాన్య ఋతుపవనమునను వాన కురియును. 2021 నవంబరున తిరుపతిలో కురిసిన వానకు వీధులే ఏరులైనవి, శ్రీవారి మెట్టు దారియే దెబ్బతిన్నది. కనుక బాట కట్టిన తోడనే పని తీరదు. ఆశ్వయుజమునకు ముందు కాలువలు తీయించి, మిట్టలపై పట్టలు కప్పించి, సంక్రాంతికి మరల దిద్దించు మనిషి యొకడు కావలెను. అట్టి మనిషికి ఏటేట జీతము వ్రాసిపెట్టనిచో అసలు కట్టించవద్దనియే మా యభిప్రాయము. ప్రారంభోత్సవపు పూలదండలు వాడకముందే పాడుపడిన బాట, బాట లేకుండుటకంటె పిల్లలను ఎక్కువ నొప్పించును.

చిన్నచోట చిన్న ఖర్చుతో ఏమగునో వినుడు. దక్షిణ లండనులో పెక్‌హాం అను పేట యున్నది. సంపన్నుల పేట కాదు. అక్కడ 2004లో కుర్రవాండ్ర కొఱకు ఒక బి. ఎం. ఎక్స్. సంఘము పుట్టెను. తొమ్మిదేండ్లకు, 2013లో, దగ్గఱి బర్జెస్ పార్కులో సరియైన బాట లభించెను. ఆ సంఘములో పెరిగిన కై వైట్ 2021లో జరిగిన టోకియో ఒలింపిక్ క్రీడలలో వెండిపతకము నందెను. అదే దినమున అదే దేశపు యువతి బెథనీ ష్రీవర్ బంగారుపతకము గెలిచెను. అంతకు నాలుగేండ్లు ముందు ఆమె దేశము స్త్రీల బి. ఎం. ఎక్స్. పందెమునకు ధనసహాయము మానివేయగా, ఆమె బడిలో సహాయకురాలిగ పనిచేయుచు, ప్రజలవద్ద యాభైవేల పౌనులు చందా పోగుచేసికొని సాధన సాగించెను. నిర్లక్ష్యము మన సొంత ఆస్తి కాదని తెలియుటకు ఈ కథ చెప్పితిమి. కొలంబియా దేశపు మరియానా పాహోన్ 2012లోను, 2016లోను బంగారుపతకము గెలిచినది. మెడెలిన్ నగరమువారు తమ బాటకు ఆమె పేరే పెట్టుకొనిరి. మనవారు మాత్రము తక్కువా? అండమానునుండి వచ్చిన ఈసో అల్బెన్, మణిపూరునుండి వచ్చిన రొనాల్డో సింగు, రోజిత్ సింగు 2019లో జర్మనీలో బాలుర ప్రపంచ పోటీలందు జట్టు వేగపందెమున స్వర్ణము తెచ్చిరి. అది సిమెంటు, చెక్క వలయములపై ఆట, వేఱు. కాని ద్వీపములనుండి, కొండలనుండి వచ్చిన కుర్రవాండ్రు తెచ్చిరని గమనింపుడు.

పడి దెబ్బలు తగులవా యని తల్లులు అడుగుదురు. తగులును. ముఖమంతయు మూయు శిరస్త్రాణము, చేతితొడుగులు, పొడవుచేతుల చొక్కా తప్పనిసరి. అయినను, ఎదురుగ లారీ రాని చోట మోకాలు చీరుకొనుట ఒకటి, లారీ వచ్చుచోట తొక్కుట మఱియొకటి. చోటు లేదని పిల్లలు తొక్కుట మానుట లేదు; సందులలోను, వంతెన క్రిందను తొక్కుచున్నారు. ఆడపిల్లలు మాత్రము మానుకొనుచున్నారు. ఆనాటి పొలములో ఒక్క బాలికయు మాకు కానరాలేదు. బీడులో, సంజవేళ, ఏ తల్లి పంపును?

ఇక అర్జీ సంగతి. అది తొలుత క్రీడలవారివద్దకు పోయెను. స్థలము తమది కాదని వారు పురపాలకులకు పంపిరి. అక్కడ తోటల విభాగమునకు, తోటలనుండి ఇంజనీర్లకు పోయి, అయిదు నెలలకు అర్జీదారునకే తిరిగివచ్చినది. అంచున ఎఱ్ఱసిరాతో, 'బి. ఎం. ఎక్స్. అనగా నేమి? వివరింపవలెను' అని వ్రాసియున్నది. ఆ తండ్రి దానిని మావద్దకు తెచ్చినాడు. మేము నవ్వితిమి, పిదప ఆలోచింపగా, ఆ ప్రశ్న వ్రాసిన ఉద్యోగి ఎవరో కాని, ఆ కాగితమును నిజముగ చదివినవాడు అతడొక్కడే యని తోచెను. అర్ధఠావుపై పొడవు, వెడల్పు, దిబ్బ యెత్తు, పట్టు మట్టిబండ్ల లెక్క, ఏటి మరమ్మతు, కావలివాని జీతము, ఆనాటి కుర్రవాండ్రు చెప్పిన మలుపు వాలుతో సహా వ్రాసియిచ్చితిమి. ఆ తండ్రి మరునాడు దానిని అర్జీకి కుట్టి మరల దాఖలు చేసినాడు.